జామివలస సగటు రక్తపోటు

జామివలస పురపాలక సంఘంలో జనన మరణాల విభాగం చూసే సీనియర్ అసిస్టెంట్ హైమావతి ఉద్యోగానికి ఎసరు పెట్టింది ఆమె అనారోగ్యం కాదు, ఆరోగ్యం.

అనారోగ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆమె జోలికి ఎవరూ రాలేదు. యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం, కుర్చీలోంచి లేవాలంటే బల్ల ఆసరా కావాలి. ఆఫీసు మెట్లెక్కి పై అంతస్తుకి వచ్చాక చాలాసేపు నోట మాట వచ్చేది కాదు. పుట్టిన తేదీ ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళు ఆమె ఆయాసం తీరేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. అది అధికారుల దర్పం కాబోలనుకుని మరికాస్త వంగేవారు కూడా. ఒకనాడు మెట్ల మధ్యలో కళ్ళు బైర్లు కమ్మి కూలబడితే, బజారు చివర ఆసుపత్రి నడిపే డాక్టరు షాహీన్ చూసి, బి.పి. ఎక్కువగా ఉందని తేల్చింది. మాత్ర రాసిచ్చింది. ఉప్పు తగ్గించమంది, రోజూ నడవమంది, నడుస్తూ ఉంటే బరువు కూడా కొంత దిగుతుందంది.

"ఒక్కరోజులో అయ్యే పని కాదమ్మా. పరుగులు పెట్టొద్దు, మానేయొద్దు. అంతే," అంది.

హైమావతి మాత్ర ఆ పూటే మొదలుపెట్టింది. ఉప్పు కళ్ళనీళ్ళతో తగ్గించింది. నడక మాత్రం రేపు రేపంటూ చాలాకాలం నెట్టుకొచ్చి, చివరికి ఒక తెల్లవారుజామున గడప దాటింది. మూతపడిన జూటుమిల్లు గోడ వెంట రైలు గేటు దాకా, అక్కణ్ణుంచి ఇంటికి. మొదట్లో ఆ గోడకు అంతే లేదనిపించేది. తర్వాత్తర్వాత గోడ ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు. బరువు తగ్గింది కొద్దిగానే. కానీ రాత్రి నిద్ర పట్టింది, మెట్లెక్కిన వెంటనే మాట పెగిలింది, అన్నిటికంటే ముఖ్యంగా, వంగి తన చెప్పుల బకిల్ తనే పెట్టుకోగలిగింది. ఇన్నేళ్ళూ మొగుడి చేత చెప్పులు తొడిగించుకున్న మనిషికి అది స్వరాజ్యం వచ్చినంత పని. ఆ మొగుడు, హైస్కూల్లో హిందీ మాస్టారు పాపారావుకి కూడా అది స్వరాజ్యమే. కాకపోతే ఉప్పు చాలని కూరలు తింటున్న మనిషి గనక సంతోషాన్ని పైకి చూపించలేకపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికంతటికీ ఆరోగ్యం వచ్చిపడింది.

రాజధానిలో ఎవరికో ఒక ఆలోచన తట్టి, 'స్వస్థ పురి' అని పోటీ పెట్టారు. ఏ ఊరి పౌరుల సగటు రక్తపోటు నూట ఇరవై బై ఎనభై దగ్గర నిలుస్తుందో, ఏ ఊరి సగటు బరువు, సగటు జీవన నాణ్యత సంతృప్తికరంగా ఉంటాయో ఆ ఊరికి షీల్డు, ఆ ఊరి కమిషనరుకు ప్రశంసాపత్రం. జామివలస కమిషనర్ దివాకర్‌కు పోటీలంటే ప్రాణం. అంతకుముందు పనిచేసిన ఊళ్ళో ఆయన చెత్త మీద బహుమతి గెలిచాడు. చెత్త ఆ ఊళ్ళోనే ఉండిపోయింది, బహుమతి ఆయనతో పాటు బదిలీ అయి వచ్చింది.

సిబ్బందినందర్నీ సమావేశపరిచి ఆయన గంభీరంగా మాట్లాడాడు. "రక్తపోటు అనేది ఇకమీదట వ్యక్తిగత విషయం కాదు. అది పట్టణ ప్రగతి సూచిక. మీలో ఎవరి రక్తపోటు పెరిగినా అది నా పరిపాలన మీద విమర్శగా పరిగణిస్తాను," అన్నాడు. ఆ మాటతో అక్కడున్న సగంమందికి అప్పటికప్పుడే విమర్శ పెరిగింది.

మొదటి ఉత్తర్వు వ్యాయామం గురించి. ఉద్యోగులెవరూ ఆఫీసు లిఫ్టు వాడరాదని అందులో ఉంది. ఆ భవనంలో లిఫ్టు లేదు, ఎప్పుడూ లేదు. అయినా ఉత్తర్వు అమలు నివేదిక పంపమన్నారు గనక, లిఫ్టు వాడటం సంపూర్ణంగా విరమించడమైనదని అన్ని విభాగాలూ రాసి పంపాయి. రెండో ఉత్తర్వు ప్రజల గురించి. పని మీద వచ్చినవారు కిటికీల ముందు నిలబడే సమయాన్ని వ్యాయామం కింద లెక్కించాలన్నారు. దీంతో పని ఎంత ఆలస్యం చేస్తే ఊరికి అంత మేలన్నమాట. మనుషుల్ని రోజుల తరబడి నిలబెట్టే పన్నుల విభాగానికి ఉత్తమ వ్యాయామశాలగా గుర్తింపు వచ్చింది. వచ్చినవారి పని వచ్చినప్పుడే చేసి పంపుతోందని హైమావతికి మందలింపు వచ్చింది.

ఆ తర్వాత రక్తపోటు శిబిరం. మునిసిపల్ హైస్కూలు మైదానంలో షామియానా వేసి అధికారుల్ని నీడలోనూ, పౌరుల్ని ఎండలోనూ ఉంచారు. మానసిక ఒత్తిడి ఆరోగ్యానికి ఎంత చేటో వివరిస్తూ మైకులో ఉపన్యాసాలు పొద్దెక్కేదాకా సాగాయి. అవి ముగిశాక కొలతలు మొదలయ్యాయి. హైమావతి వరసలో నిలబడి, మధ్యలో దూరిన ఒక కాంట్రాక్టరుతో గొడవపడి, గొంతెండిపోయి, మెషిన్ దగ్గరికి చేరేసరికి నూట అరవై బై వంద చూపించింది. అంతకు కొన్నాళ్ళ ముందే డాక్టరు షాహీన్ దగ్గర నూట ముప్ఫై ఉందని, కాసేపు కూర్చోనిచ్చి మళ్ళీ చూడమని ఆమె అడిగింది. శిబిరం పర్యవేక్షిస్తున్న ఆఫీసు మేనేజర్ ముక్తేశ్వరరావు ఒప్పుకోలేదు.

"ఒకసారి నమోదైన రక్తపోటు ప్రభుత్వానిది మేడమ్. దాన్ని మార్చే అధికారం మీకు లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం లెక్కలు చూసి కమిషనర్ తల పట్టుకున్నాడు. ఊరి సగటు ఎక్కడో ఆకాశంలో ఉంది. డాక్టరు షాహీన్‌ని పిలిపించి దించే మార్గం చెప్పమన్నాడు. ఆమె హైమావతికి చెప్పినవే మళ్ళీ చెప్పింది: మాత్ర మానకుండా వేసుకోవడం, ఉప్పు తగ్గించడం, నడక. నెలలు పడుతుందని, కొందరికి ఏడాది కూడా పట్టవచ్చని అంది. పరిశీలక బృందం వచ్చే నెలలోనే వస్తోందని, వచ్చే నెలకు సరిపోయే వైద్యం ఏదైనా ఉందా అని కమిషనర్ అడిగాడు. అలాంటిది లేదని ఆమె చెప్పడంతో, ఆమె సేవలకు కృతజ్ఞతలు తెలిపి సాగనంపారు.

దారి చూపించింది ముక్తేశ్వరరావు. మనిషి మనిషినీ బాగుచేయడం మన పని కాదని, సగటు బాగుచేయడమే మన పని అని ఆయన కమిషనరుకు విన్నవించాడు. ఊళ్ళో రక్తపోటు ఎక్కువున్నవాళ్ళే కాదు, తక్కువున్నవాళ్ళూ ఉన్నారు. ఎక్కువ ఒక తప్పు, తక్కువ ఇంకో తప్పు. రెండు తప్పుల్నీ పక్కపక్కన నిలబెట్టి కలిపి సగం చేస్తే ఒప్పు వస్తుంది. ఉదాహరణగా ఆయన కూరగాయల మార్కెట్ గేటు దగ్గర ఆశీలు వసూలు చేసే లెంక చిన్నంనాయుణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు.

చిన్నంనాయుడు నలభై దాటిన మనిషి, వెదురు కర్రకు చొక్కా తొడిగినట్టుంటాడు. తెల్లారకముందే బళ్ళొస్తాయి గనక ఖాళీ కడుపుతో గేటు దగ్గర నిలబడి, మధ్యాహ్నానికి ఏదో ఇంత తిని, మళ్ళీ నిలబడతాడు. కూర్చుని లేస్తే కళ్ళు తిరుగుతాయి. అది తన ఒంటి తీరు అనుకున్నాడే గాని జబ్బనుకోలేదు. అతని రక్తపోటు ఎనభై బై అరవై. హైమావతిది నూట అరవై బై వంద. కలిపి సగం చేస్తే నూట ఇరవై బై ఎనభై, వైద్యగ్రంథంలో అచ్చువేసినట్టుగా ఉంది. బరువులు కలిపి చూశారు, అదీ దివ్యంగా కుదిరింది. ఆమె జీవితం చాలా సంతృప్తిగా ఉందని రాసింది. అతను ఆ ప్రశ్నకు జవాబు తనకు తెలీదన్నాడు. ఇద్దరి సగటు జీవన నాణ్యత 'సంతృప్తికరం' అని వేశారు.

కమిషనర్ కుర్చీలోంచి లేచి ముక్తేశ్వరరావుతో కరచాలనం చేశాడు. మర్నాటికల్లా 'సమతుల్య జంట పథకం' పుట్టింది. ఒక అధిక పీడన పౌరుడు, ఒక అల్ప పీడన పౌరుడు కలిసి ఒక ఆరోగ్యవంతమైన జంట. ప్రతి జంటనీ పురపాలక సంఘం సాధించిన విజయంగా చూపాలి. హైమావతి, చిన్నంనాయుడుల ఫొటో తీసి బస్టాండు ఎదుట పెద్ద బ్యానరు కట్టారు. పక్కపక్కన నిలబడి ఇద్దరూ నమస్కారం పెడుతుంటారు, కింద 'జామివలస ఆదర్శ జంట' అని ఎర్ర అక్షరాలు. పాపారావు స్కూలుకి ఆ దారినే సైకిలు మీద వెళ్ళాలి. మూడో రోజు నుంచి జూటుమిల్లు వైపుగా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాడు. టీ కొట్టు దగ్గర ఎవరో శుభాకాంక్షలు కూడా చెప్పారట.

ఊరంతా జంటలు కట్టే పని జోరుగా సాగింది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ బి.పి. ఉంటే వాళ్ళను విడదీసి, చెరొక బక్క మనిషికి జత చేశారు. కొన్నాళ్ళకే ఒక చిక్కొచ్చింది. అధిక పీడనం వాళ్ళు పుట్టలుగా ఉన్నారు, అల్ప పీడనం వాళ్ళు చాలడం లేదు. పక్క ఊరి నుంచి అరువు తెద్దామంటే, అక్కడి కమిషనర్ అప్పటికే తన ఊరి అల్ప పీడన పౌరులు ఊరు దాటరాదని నిషేధం పెట్టాడు. అప్పుడు ముక్తేశ్వరరావు హైమావతి బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఈ ఏడాది పోయినవాళ్ళ పేర్లు కావాలన్నాడు.

"వాళ్ళెందుకండీ?" అంది హైమావతి.

"అందరికీ సున్నా బై సున్నా కదా మేడమ్. ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గుర్ని సర్దేస్తారు. కళ్ళు తిరుగుతున్నాయని గొడవ కూడా చేయరు."

తాను వాళ్ళు పోయారని సంతకం పెట్టానని, మళ్ళీ ఉన్నారని పెట్టలేనని హైమావతి చెప్పేసింది. ప్రతిపాదన ఆమెను దాటి కమిషనర్ దాకా వెళ్ళింది. ఆయన సూత్రప్రాయంగా అంగీకరించాడు కూడా. కానీ మృతుల జీవన నాణ్యత గడిలో ఏం రాయాలో ఎవరికీ తోచక ఆ దస్త్రం ఆగిపోయింది. చివరికి జత దొరకనివాళ్ళను లెక్కలోంచి తీసేశారు.

పరిశీలక బృందం రాకముందు ఒకసారి నమూనా పరిశీలన చేశారు. అందరికంటే ముందు ఆదర్శ జంటను కూర్చోబెట్టారు. చిన్నంనాయుడు ఎప్పట్లాగే ఎనభై చూపించాడు. హైమావతి నూట ఇరవై ఎనిమిది చూపించింది. సగటు నూట నాలుగుకు పడిపోయింది. ఆమె ఇంకా నడుస్తోందా అని కమిషనర్ అడిగాడు. నడుస్తున్నానని ఆమె గర్వంగానే చెప్పింది.

సాయంత్రానికి మెమో వచ్చింది. పథకంలో అధిక పీడన భాగస్వామిగా నమోదై ఉండి, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా ఉద్దేశపూర్వకంగా రక్తపోటు తగ్గించుకున్నందుకు ఆమెపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని అందులో ఉంది. పరిశీలన ముగిసేవరకు నడక నిలిపివేయాలని, తన రక్తపోటును నమోదిత స్థాయికి తిరిగి తీసుకురావలసిన బాధ్యత ఆమెదేనని కూడా రాశారు. సూపరింటెండెంటు పదోన్నతి జాబితాలో ఆమె పేరు ముందు వరసలో ఉందన్న సంగతి ముక్తేశ్వరరావు నోటిమాటగా గుర్తుచేసి వెళ్ళాడు.

హైమావతి ఎదురుతిరిగిందని చెప్పుకుంటే బాగుండును. ఎదురుతిరగలేదు. ఆ కుర్చీ కోసం ఆమె చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తోంది, తనకంటే వెనక చేరినవాళ్ళు తనను దాటి వెళ్ళడం చూసింది. నాలుగు వారాలే కదా అనుకుంది. మర్నాటి నుంచి మాత్ర, నడక రెండూ మానేసింది. ఆఫీసు ఖర్చుతో ఆమె బల్ల మీదికి ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు రావడం మొదలైంది. ఆమె తిన్నదో లేదో చూసి సంతకం పెట్టడానికి ఒక అటెండరును నియమించారు. మిగిలినవి ఇంటికి తీసుకెళితే పాపారావు నోరారా తిన్నాడు. రోజూ ఇలాంటి మెమోలే ఇవ్వకూడదా అన్నాడు.

కానీ ఒళ్ళు పథకాన్ని ఆమె అనుకున్నదానికంటే తొందరగా అర్థం చేసుకుంది. కాళ్ళకు నీరు పట్టింది. తెల్లవారేసరికి తల వెనకభాగం సుత్తితో కొట్టినట్టుండేది. మెట్ల మధ్యలో మళ్ళీ ఆగడం మొదలైంది. ఒక ఉదయం చెప్పులకు వంగబోయి, వంగలేక, గోడ పట్టుకు నిలబడిపోయింది. పాపారావు వచ్చి కింద కూర్చుని బకిల్ పెట్టాడు. లేచేటప్పుడు ఆయన మొహంలో ఆవకాయ సంతోషం లేదు.

"మళ్ళీ మొదటికొచ్చావు హైమా," అన్నాడు. ఆమెకు కన్నీళ్ళొచ్చాయి గాని, ఆఫీసుకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.

అటు చిన్నంనాయుడికి ఆమెకు పెట్టినదానికి నేరుగా వ్యతిరేకమైన ఆంక్షలు పెట్టారు. ఉప్పు తినరాదు. మజ్జిగ తాగరాదు. రక్తపోటు ఎనభై దాటరాదు. దాటకుండా ఉన్నందుకు ప్రతి సోమవారం కమిషనర్ అతనికి శాలువా కప్పేవాడు. ఎండలో గేటు దగ్గర నిలబడే మనిషికి అన్ని శాలువాలు. హైమావతికి మొదట్లో అతనంటే చిరాకు. బ్యానరు మీద తన పక్కన నిలబడ్డ పాపానికి అతనే ఇదంతా తెచ్చిపెట్టినట్టు అనిపించేది. ఒకనాడు ఆఫీసు వరండాలో ఇద్దర్నీ ఫొటో కోసం కూర్చోబెట్టినప్పుడు, నువ్వెందుకు ఒప్పుకున్నావు నాయుడూ, అని విసుగ్గా అడిగింది.

"నానేటి ఒప్పుకోడం మేడమ్‌గారూ. కంట్రాట్రు కింద పనోణ్ణి. ఆఫీసోలు నిలబడమంటే నిలబడతాను, పడిపొమ్మంటే పడిపోతాను," అన్నాడు అతను. మాటలో కోపం లేదు. ఫొటో తీసేటప్పుడు నవ్వమంటే నవ్వాడు కూడా.

పరిశీలనకు వారం ఉందనగా నిజంగానే పడిపోయాడు. వంకాయల బండి వాడికి రశీదు చించి ఇస్తూ ఇస్తూ వెనక్కి వాలి, ఇనుప గేటు మీద పడ్డాడు. తల పగిలింది. బండివాడే అతన్ని బస్తాల మీద పడుకోబెట్టి డాక్టరు షాహీన్ ఆసుపత్రికి తోలుకెళ్ళాడు. సంగతి తెలిసి హైమావతి పరుగు నడకన వెళ్ళింది, దారిలో మూడుచోట్ల ఆగి. అప్పటికి కుట్లు వేసి సెలైన్ ఎక్కిస్తున్నారు. కళ్ళు తెరిచి ఆమెను చూసి, రేపు ఫొటో ఉందేమో, కట్టు కనపడుతుంది కాబోలు మేడమ్‌గారూ, అన్నాడు.

కాసేపటికి ముక్తేశ్వరరావు వచ్చాడు. రోగి దగ్గరికి కాకుండా నేరుగా సెలైన్ సీసా దగ్గరికి వెళ్ళి, దాని మీద అచ్చువేసినదంతా కళ్ళజోడు సవరించుకుంటూ చదివాడు. అందులో ఉప్పు ఉందని గ్రహించాక ఆయన మొహం మాడిపోయింది.

"డాక్టరుగారూ, ఇది పథకానికి విరుద్ధం. పరిశీలన అయ్యేదాకా ఆపితే బాగుంటుంది. ఆ తర్వాత ఎన్ని సీసాలైనా ఎక్కించండి, పురపాలక సంఘానికి అభ్యంతరం లేదు," అన్నాడు.

డాక్టరు షాహీన్ ఆయనకు బయటికి దారి చూపించింది. అది పెద్ద విషయం కాదు, ఆమె చేసే పనే అది. హైమావతి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆ సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతున్నదాన్ని చూస్తూ కూర్చుంది. మంచం మీద మనిషి ఎనభై దగ్గరే ఉండటానికి కారణం తను. తను నూట అరవై దగ్గరే ఉండటానికి కారణం అతను. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు జబ్బులో పట్టి ఉంచడానికి జీతాలు తీసుకుంటున్నారు. సూపరింటెండెంటు కుర్చీ ఆమె మనసులోంచి ఎప్పుడు దిగిపోయిందో ఆమెకే తెలియదు.

మర్నాడు కమిషనర్ గదికి వెళ్ళి, తాను మళ్ళీ మాత్ర, నడక మొదలుపెట్టానని, చిన్నంనాయుడికి తన ఇంటి నుంచి రెండు పూటలా భోజనం వెళుతోందని చెప్పేసింది. దివాకర్ నిర్ఘాంతపోయాడు. ఊరి పరువు, పోటీ, షీల్డు అంటూ మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో అందుకుంది.

"రెండు నూట ఇరవైల సగటు కూడా నూట ఇరవయ్యేనండి."

కమిషనర్ ఈ వాక్యాన్ని కొంతసేపు మనసులో కూడి, భాగించి చూసుకున్నాడు. తప్పు కనపడలేదు. ముక్తేశ్వరరావు వైపు తిరిగాడు.

"అంకె వరకు సరే సార్," అన్నాడు మేనేజర్. "కాని ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే బాగుంటే, మధ్యలో పురపాలక సంఘం చేసిందేమిటి? సమతుల్యం సాధించామని రాయాలంటే ముందు ఏదో ఒకటి ఒరిగి ఉండాలి కదా. ఆరోగ్యవంతులు ఆరోగ్య పథకం పరిధిలోకి రారు."

కమిషనర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నడక మానకపోతే పర్యవసానం ఆమెదేనని చెప్పి పంపించాడు. ఆదర్శ జంటను మార్చేద్దామంటే వ్యవధి లేదు. ఆహ్వాన పత్రికల మీద, జ్ఞాపికల మీద, చివరికి తాగునీటి ట్యాంకు మీద కూడా వాళ్ళిద్దరి బొమ్మలే ఉన్నాయి. ఆమె అంత తొందరగా బాగుపడదని, అతను అంత తొందరగా కోలుకోలేడని ఆశపడటం తప్ప మార్గం లేకపోయింది.

పరిశీలక బృందం తెల్ల కార్లలో దిగింది. దానికి అధ్యక్షుడు రిటైరై, మళ్ళీ నియమితుడై, మళ్ళీ రిటైర్ కావలసి ఉన్న పెద్దమనిషి. మునిసిపల్ మైదానంలో జంటలు జంటలుగా వరసలు కట్టారు. లావుపాటివాళ్ళ పక్కన బక్కవాళ్ళు, ఎర్రబడ్డ మొహాల పక్కన పాలిపోయిన మొహాలు. మధ్యమధ్య దబ్బున కూలబడ్డవాళ్ళను వాలంటీర్లు లేపి మళ్ళీ వరసలో నిలబెడుతున్నారు. కొలిచిన ప్రతి జంటా కలిపి సగం చేస్తే చక్కగా నూట ఇరవై ప్రాంతంలో తేలుతోంది. అధ్యక్షుడు తలూపుతూ ముందుకు సాగాడు.

చివర్లో ఆదర్శ జంటను వేదిక ఎక్కించారు. హైమావతి వారం రోజులుగా మాత్ర వేసుకుని, ఆవకాయ జాడీ వంక చూడకుండా, మెల్లగా మళ్ళీ నడుస్తోంది. చిన్నంనాయుడు మాస్టారి ఇంటి భోజనం తిని, మజ్జిగ తాగి, రాత్రిళ్ళు పడుకుని, చాలాకాలం తర్వాత నిండుగా ఊపిరి తీసుకుంటున్నాడు. నెత్తిన కట్టు ఉంది గాని మొహంలో రక్తం కనపడుతోంది. ముందు అతనికి కొలిచారు. నూట పద్నాలుగు. ఆమెకు కొలిచారు. నూట ముప్ఫై రెండు. అధ్యక్షుడు మెషిన్ మార్చమన్నాడు. మార్చినా అంతే వచ్చింది.

"ఇదేమిటి? ఇద్దరికీ బాగానే ఉందే," అన్నాడు ఆయన, చేతిసంచీలో దొంగసరుకు దొరికినట్టు. "వీళ్ళను ఏ పద్దు కింద చూపించారు?"

"పొరపాటు జరిగింది సార్. విచారణ జరిపిస్తాం," అన్నాడు కమిషనర్. ఆయన నుదురంతా చెమట పట్టింది. మెడ దగ్గర నరం ఒకటి ఉబ్బి కొట్టుకోవడం హైమావతికి స్పష్టంగా కనిపించింది. ఆయనకు కొలవండి అని ఆమె నర్సుతో మెల్లగా అంది గాని, అధికారుల రక్తపోటు గోప్యమని ముక్తేశ్వరరావు అడ్డుకున్నాడు.

జామివలసకే షీల్డు వచ్చింది. ఇద్దరు అనర్హుల్ని వేదిక మీదే గుర్తించి పథకం నుంచి తొలగించినందుకు పారదర్శకత కింద అదనపు మార్కులు కూడా పడ్డాయి. సన్మానసభలో కమిషనర్ తన పట్టణం రక్తపోటును జయించిందని ప్రకటించాడు. ఆ సభలో ఎండకు పడిపోయిన ఏడుగుర్నీ వెనకనుంచి తీసుకుపోయారు.

హైమావతి మీద విచారణ వేగంగా ముగిసింది. ఆరోగ్యంగా ఉండి శాఖను తప్పుదోవ పట్టించినట్టు రుజువైంది. పదోన్నతి ఆమె వెనకవాడికి వెళ్ళింది. ఆ వెనకవాడికి నూట డెబ్భై బై నూట పది, సేవాగుణం కలవాడు. ఆమెను ఊరి చివర నీళ్ళ ట్యాంకుల ఆఫీసుకి వేశారు. అక్కడికి బస్సు లేదు, నడిచే వెళ్ళాలి. అది శిక్ష అని ఉత్తర్వులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. మొదటి రోజు ఆమె ఇంట్లో చెప్పుకుని ఏడ్చింది. ఆ కుర్చీ తనది కావలసింది, ఆ నష్టం నష్టమే. పాపారావు ఓదార్చడం చేతకాక, ఉప్పు లేని పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

చిన్నంనాయుణ్ణి కాంట్రాక్టరు తీసేశాడు. తగ్గిన బి.పి. తప్ప వేరే అర్హత లేనివాడికి అది కూడా పోయాక పని ఎందుకన్నాడు. డాక్టరు షాహీన్ అతన్ని తన ఆసుపత్రి గుమ్మం దగ్గర పెట్టుకుంది. వచ్చినవాళ్ళకి టోకెన్లివ్వడం, పేర్లు పిలవడం అతని పని. కూర్చోడానికి స్టూలు కూడా ఇచ్చింది.

కొన్ని నెలల తర్వాత హైమావతి బి.పి. చూపించుకోవడానికి అక్కడికి వెళ్ళింది. డాక్టరు చూసి, బాగుంది, ఇలాగే కానివ్వు, అంది. బయటికొచ్చేసరికి బెంచీ మీద కమిషనర్ దివాకర్ కూర్చుని ఉన్నాడు. డ్రైవర్ లేడు, మేనేజర్ లేడు. కళ్ళకింద నల్లగా వాచి ఉంది. చేతిలో మందుల చీటీ ఉంది. ఆమెను చూసి ఇబ్బందిగా కదిలి, పక్కన కూర్చోమన్నాడు. డాక్టరు నూట డెబ్భై బై నూట పది అందని, రోజూ మాత్ర వేసుకోమని, ఉప్పు మానమని, నడవమని చెప్పిందని, బాగుపడటానికి నెలలు పడుతుందందని చెప్పుకొచ్చాడు. నెలలట, అన్నాడు, అదేదో తనకు మాత్రమే జరిగిన అన్యాయమైనట్టు. హైమావతి పడుతుందండీ, కానీ తగ్గుతుంది, అని ధైర్యం చెప్పింది. పొద్దున్నే జూటుమిల్లు వైపు వస్తే గాలి బాగుంటుందని కూడా చెప్పింది.

ఆయన ఆ మాట విన్నట్టు లేడు. అటూ ఇటూ చూసి, ఆమె వైపు కొంచెం వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మేడమ్, మీ ఎరికలో డెబ్భై బై యాభై ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

గుమ్మం దగ్గర స్టూలు మీంచి చిన్నంనాయుడు లేచి నిలబడి, తరవాతి పేరు గట్టిగా పిలిచాడు. హైమావతి అతని వైపు ఒకసారి చూసింది.

"ఒకడుండేవాడండీ," అంది. "బాగుపడిపోయాడు."